ఇరవై దాకా నిలిచిన చెయ్యి

కోయంబత్తూరులో గణపతి అనే పేట వైపు ఏ షెడ్డులో అడిగినా చెబుతారు, మరుదాచలం మేస్త్రి దగ్గర వేడి కొలిచే యంత్రం లేదని. అరవై ఒక్క ఏళ్ల ఆ మనిషికి కుడి అరచెయ్యి ఉంది, అది చాలనుకునేవాడు. పందెం కారు వచ్చి ఆగగానే బానెట్ ఎత్తి, ఇంజను గాలి పీల్చుకునే అల్యూమినియం గొట్టాల గుత్తి మీద చెయ్యి ఆనించేవాడు. దాన్ని మానిఫోల్డ్ అంటారు. చుట్టూ చేరినవాళ్లు పైకి లెక్కపెట్టేవాళ్లు. మూడుకే చెయ్యి తీసేస్తే ఇంజను ఉడికిపోతోందని అర్థం. ఐదు దాకా ఆగితే ఫరవాలేదు. ఏడు దాకా ఆగితే ఆ రోజు ఆ కారుకు తిరుగులేదు. ఎనిమిది ఎవరూ చూడలేదు.

చదువుకున్నవాళ్లు పిస్తోలు లాంటి కొలత యంత్రాలు తెచ్చేవాళ్లు. మెరిసే అల్యూమినియం మీద అవి తప్పు చెబుతాయని మేస్త్రి ఒకసారి నలుగురి ముందు నిరూపించాడు. ఆ తర్వాత యంత్రం ఉన్నవాళ్లు కూడా ముందు మేస్త్రి చెయ్యి ఏమందో కనుక్కుని, అప్పుడు యంత్రం వైపు చూసేవాళ్లు. మా ఊరివాళ్ల మొండితనం అలాంటిది. తిట్టేటప్పుడు కూడా ‘అండి’ తగిలించి మర్యాదగా తిడతారు గానీ, ఒకసారి నమ్మిన చేతిని మాత్రం వదలరు.

ఆ చేతిని అందరికంటే ఎక్కువ నమ్మింది ఇళవేనిల్. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఇరవై ఏడేళ్ల పిల్ల, షెడ్లవాళ్లందరికీ ‘అమ్మణి’, అంటే అమ్మాయి. చెట్టిపాళయం ట్రాక్ మీద ఒక్కొక్క కారూ విడిగా పరిగెత్తి గడియారంతో పోటీపడే పందెంలో తన పాత కారు నడుపుతుంది. ఆమె బాధల్లా వరుసలోనే. ముందు పది కార్లుంటే అరగంట సేపు ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఎండలో నిలబడాలి. ఆ అరగంటలో ఇంజను వేడి మెల్లగా మానిఫోల్డ్‌కి పాకుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచటి గాలి పీల్చిన ఇంజనుకు బలం చాలదు. పొద్దున ఉరికిన కారే మధ్యాహ్నం ఈడ్చుకుంటూ పోయేది. ఇక ఆ ఏటికి మిగిలింది చివరి పందెం ఒక్కటే, దానికింకా ఐదు వారాలుంది.

ఇంజనుకీ మానిఫోల్డ్‌కీ మధ్య మామూలుగా ఉండే రేకు గాస్కెట్ బదులు వేడిని ఆపే మందపాటి గాస్కెట్ పెడతారని బయటి దేశాలవాళ్లు రాసింది ఆమె చదివింది. ఆ మాట చెవిన పడిన క్షణం నుంచి మేస్త్రికి కాలు ఒకచోట నిలవలేదు. నలభై ఏళ్లుగా వేడి ఎంత ఉందో చెబుతూ వచ్చాడు గానీ, అది వచ్చే దారికి అడ్డంగా తలుపు పెట్టవచ్చని అతనికి ఎన్నడూ తోచలేదు. ఆ తలుపు దేనితో చెయ్యాలా అని రెండు రోజులు ఆలోచించి, మోటార్లకు తీగ చుట్టే తన స్నేహితుడు నాచిముత్తు దుకాణానికి వెళ్లాడు. అక్కడ గోడకు ఆనించిన బేకలైట్ పలకలున్నాయి. స్విచ్ బోర్డుల మీద ఉంటుందే, అదే గోధుమరంగు పలక. కరెంటునీ రానివ్వదు, వేడినీ రానివ్వదు.

“స్విచ్ బోర్డు ముక్క తీసుకెళ్లి ఇంజన్లో పెడతారా మేస్త్రీ? అలాగే ఓ ఫ్యాను రెగ్యులేటరు కూడా బిగించండి, అమ్మణి గాలి తగ్గించుకుంటూ పెంచుకుంటూ నడుపుతుంది,” అన్నాడు నాచిముత్తు. అంటూనే ఉన్నవాటిలో మంచి పలక ఏరి ఇచ్చాడు.

ఐదు మిల్లీమీటర్ల మందం. పాత గాస్కెట్‌ను పలక మీద పెట్టి పెన్సిలుతో గీసి, రంపంతో కోసి, రంధ్రాల అంచులు ఆకురాయితో అద్దంలా చేశాడు. పలక మందం పెరిగింది కాబట్టి పొడవాటి బోల్టులు వేశాడు. ఇనప బోల్టుల గుండా కూడా వేడి దొంగతనంగా దాటుతుందని అనుమానం వచ్చి, వాటి కిందికి బేకలైట్‌తోనే వాషర్లు చేశాడు. బిగించేటప్పుడు మూడో బోల్టు దగ్గర ఒక వాషరు పుటుక్కుమంది. పలక అయిపోయింది. మళ్లీ నాచిముత్తు దగ్గరికి వెళ్తే ఇంకో గంట వేళాకోళం వినాలి. ఆ ఒక్కచోట ఇనప వాషరు వేసి బిగించేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పరీక్షకు ఇళవేనిల్ కారును సత్తి రోడ్డు మీద తిప్పి తెచ్చి, షెడ్డు ముందు ఎండలో అరగంట ఇంజను ఆపకుండా నిలబెట్టింది. పక్క షెడ్లవాళ్లు కూడా వచ్చి చేరారు. మేస్త్రి చెయ్యి ఆనించాడు. లెక్క మొదలైంది. ఏడు దాటింది. ఎనిమిది అనేటప్పటికి కొందరి గొంతులు ఆగిపోయాయి, పదికి నాచిముత్తు టీ గ్లాసు కింద పెట్టేశాడు. మేస్త్రికి అరచేతి కింద వెచ్చగా కూడా లేదు. ఇరవై దగ్గర ఇంక తనకే సిగ్గేసి చెయ్యి తీశాడు.

ఆ సాయంత్రం గణపతి అంతా అదే మాట. స్విచ్ బోర్డు ముక్కతో మేస్త్రి ఇంజనును మంచుగడ్డ చేసేశాడని చెప్పుకున్నారు. నాచిముత్తు అయితే ఆ పలక తన దుకాణంలోదేనని దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పాడు.

మరుసటి ఆదివారం సాధన పరుగుల్లో ఇళవేనిల్ వరుసలో నిలబడి, తన వంతు రాగానే పరిగెత్తి వచ్చింది. గడియారం పాత లెక్కే చూపించింది. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. కారు ఎప్పటిలాగే బరువుగా లాగిందని ఆమె నొచ్చుకుంటూ చెప్పింది. తప్పు తన నడపడంలోనే ఉండి ఉంటుందని కూడా అంది. మేస్త్రి చెయ్యి ఇరవై అన్నాక మానిఫోల్డ్‌ను అనుమానించడం ఆమెకు తోచలేదు.

అతనికి మాత్రం నిద్ర పట్టలేదు. గొట్టం చల్లగా ఉంది, గాలి చల్లగా పోతోంది, మరి బలం ఏమైపోతోంది? పెట్రోలు పంపు చూశాడు, ప్లగ్గులు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చేతులు కడుక్కుంటుంటే కుడి అరచేతిలో రూపాయంత బొబ్బ కనిపించింది. సైలెన్సర్‌కి తగిలి ఉంటుందిలే అని తుడుచుకున్నాడు.

జవాబు ఇంట్లో దొరికింది. భార్య శివగామి పొయ్యి మీంచి దించిన కాఫీని స్టీలు గ్లాసులో పోసి, చీర కొంగుతో పట్టుకొచ్చి అరుగు మీద పెట్టింది. అతను ఆలోచనలో పడి గ్లాసును చేతి నిండా పట్టుకుని ఎత్తాడు. తాగలేదు, దింపలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చూసి గ్లాసు లాక్కుంది, తన వేళ్లు కాలి విదిలించుకుంది.

“ఎలా పట్టుకున్నారండీ దీన్ని?”

“ఏం, చల్లారిపోయింది కదా.”

ఆమె గ్లాసును అతని బుగ్గకు ఆనించింది. అతను అదిరిపడి వెనక్కి జరిగాడు. తర్వాత ఆమె అతని చెయ్యి తిప్పి బొబ్బ చూసింది. పోయిన నెలలో పెనం మీంచి దోసె చేత్తో తీశాడని, అప్పుడే అడుగుదామనుకుని ఊరుకున్నానని అంది.

వేరే మనిషైతే అక్కడే కూలబడి ఉండేవాడు. మేస్త్రికి ముందు వచ్చింది భయం కాదు, ఆశ్చర్యం. శివగామి చేత ఇంకో గ్లాసు వేడినీళ్లు పెట్టించుకుని, వేలి కొసల నుంచి మోచేతి దాకా అంగుళం అంగుళం ఆనించి చూసుకున్నాడు. ఎక్కడ వేడి మొదలవుతోందో అక్కడ పెన్నుతో చుక్క పెట్టాడు. అన్నీ కలిపితే మణికట్టుకు కాస్త ఇవతలగా ఒక గీత వచ్చింది. గీతకు మోచేతి వైపు వేడి తెలుస్తోంది, వేళ్ల వైపు తెలియడం లేదు. ఎడమ చేతిలోనూ అంతే, కాకపోతే గీత కొంచెం కిందికుంది. తన చేతి మీదే తనకు తెలియకుండా ఎవరో సరిహద్దు గీసినట్టుంది. 

భయం డాక్టరు దగ్గర వచ్చింది. చక్కెర జబ్బు చాలాకాలంగా ఉండి ఉంటుందని, నరాలు మొద్దుబారాయని, జబ్బు అదుపులో పెట్టుకుంటే ఇంకా పాకకుండా ఆగవచ్చు గానీ పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనని ఆయన చెప్పాడు. ఇంటికొస్తూ మేస్త్రి శివగామితో ఒకే మాట అన్నాడు.

“ఎవరికీ చెప్పకు. పొన్నుసామి గారికి ఏమైందో నువ్వు చూశావు కదా.”

పొన్నుసామి అతనికి పని నేర్పిన గురువు. స్క్రూడ్రైవర్ కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని లోపలి రోగం చెప్పేవాడు. చెవులు పోయాక ఆ మాట దాచాడు. వినిపించినట్టే తల ఊపుతూ ఒకరి కారును ట్రాక్ మీదికి పంపితే, ఇంజను మూడో చుట్టులో బద్దలైంది. నడిపేవాడు కాలు విరిగి బతికాడు. నెల తిరిగేసరికి షెడ్డుకు ఒక్క బండీ రాలేదు. పాపం ఆ పెద్దాయన రోజూ షట్టరు ఎత్తుకుని, సాయంత్రం దాకా కూర్చుని, మళ్లీ దించుకుని వెళ్లేవాడు. ఆ కూర్చోవడం మరుదాచలం రెండేళ్లు చూశాడు. చెయ్యి పోయిందని తెలిస్తే తన షెడ్డు గతీ అంతేనని అతనికి అనుమానం లేదు.

అయినా ప్రశ్న అతన్ని వదల్లేదు. చెయ్యి అబద్ధం చెప్పిందని తేలింది, సరే, మానిఫోల్డ్ నిజంగా ఎంత వేడిగా ఉంది? బేకలైట్ పని చేస్తోందా లేదా? వంటింట్లో నెయ్యి సీసా చూస్తూ ఉండగా తోవ దొరికింది. పొద్దున గడ్డగా ఉన్న నెయ్యి మధ్యాహ్నానికి కరిగింది. ఏ చెయ్యీ ముట్టుకోకుండానే సీసా ఎండ సంగతి చెబుతోంది. నెయ్యి తొందరగా కరిగిపోతుంది, ఇంజనుకు పనికిరాదు. కొవ్వొత్తి అయితే? శివగామే కొవ్వొత్తి వెలిగించి గ్లాసు మీద చుక్క వేసి, వేడినీళ్లు పోసి చూపించింది. ఆమె చెయ్యి మూడుకే వెనక్కి వచ్చే వేడికి చుక్క కరిగింది. కొంచెం చల్లటి నీళ్లకు కదల్లేదు.

మర్నాడు ఎవరూ రాకముందే షెడ్డుకు వెళ్లి మానిఫోల్డ్ పొడవునా పదకొండు మైనం చుక్కలు వేశాడు. ఇంజను ఆన్ చేసి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వేడి ఇంజను వైపు నుంచే వస్తుంది కాబట్టి, పలకకు దగ్గరి చుక్కలే ముందు కరగాలి. అవి కదల్లేదు. పావుగంటకు అవతలి కొసన, గాలి లోపలికి దూరే నోటి దగ్గరున్న చుక్క ముందుగా కరిగి జారింది. తర్వాత దాని పక్కది. వేడి ఎదురు నడుస్తోంది.

మేస్త్రి స్టూలు మీంచి లేచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నోటి కింద చిటికెన వేలంత రబ్బరు గొట్టం ఉంది. నలభై ఏళ్లలో వెయ్యిసార్లు విప్పి బిగించి ఉంటాడు. ఇంజనును చల్లార్చి మరిగే నీళ్లు ఆ గొట్టంలో నోటి దాకా వచ్చి తిరిగి వెళ్తాయి. ఎందుకు? మంచు కురిసే దేశాల్లో ఆ నోరు గడ్డకట్టకుండా ఉండాలని. కోయంబత్తూరులో కురవని మంచు కోసం ఇళవేనిల్ కారు వేడినీళ్లు కాచుకుంటోంది. తను ముందు తలుపుకు బేకలైట్ బిగించి కూర్చున్నాడు, వేడి పెరటి తలుపులోంచి దర్జాగా వస్తోంది. ఒక్కడే షెడ్డులో పగలబడి నవ్వాడు. చెయ్యి బతికుంటే మూడుకే తీసేసి, బేకలైట్ పనికిరాదని పలక విసిరి పారేసి ఉండేవాడు. చెయ్యి ఎంత వేడో చెబుతుంది గానీ, ఎటు నుంచి వస్తోందో ఎన్నడైనా చెప్పిందా?

ఒక ఇత్తడి గొట్టం ముక్కతో, నీళ్లు నోటి దాకా రాకుండా మధ్యలోనే వెనక్కి తిరిగేలా కలిపేశాడు. మళ్లీ చుక్కలు వేస్తే ఒక్కటీ కరగలేదు.

అంతవరకు బాగుంది. అక్కడ నుంచి మేస్త్రి చేసింది బాగాలేదు. గొట్టం సంగతి ఇళవేనిల్‌కు చెప్పాడు, చెయ్యి సంగతి చెప్పలేదు. ఎవరికీ కనిపించని మూలన రెండు చుక్కలు వేసి, చెయ్యి ఆనించినప్పుడు ఓరకంట వాటిని చూసి, అవి కరిగితే మూడు దగ్గర, గట్టిగా ఉంటే ఏడు దగ్గర తీసేద్దామని లెక్క వేసుకున్నాడు. పందేనికి రెండు రోజుల ముందు, శుక్రవారం, షెడ్డు దగ్గర అలాగే చేశాడు కూడా. మొన్న ఇరవై, ఇవాళ ఏడేనా అని నాచిముత్తు అడిగితే, ఆ రోజు గాలి బాగా వీచిందని బుకాయించాడు. శివగామికి ఈ ఎత్తు చెప్పాడు. పొన్నుసామి గారు కూడా తల బాగానే ఊపేవారని ఆమె అంది.

చివరి పందెం ఆదివారం. వరుసలో ఇళవేనిల్ ముందు తొమ్మిది కార్లు. ఎండ మండిపోతోంది. ఆమె వంతుకు ముందు ఎప్పటిలాగే మేస్త్రి బానెట్ ఎత్తాడు. మానిఫోల్డ్ వేడెక్కి ఉంటే వంతు వదులుకుని, తడిగుడ్డ వేసి చల్లార్చి చివర్లో వెళ్లవచ్చు. చల్లగా ఉంటే ఇప్పుడే దూసుకుపోవాలి. ఆ నిర్ణయం మేస్త్రి చేతిది. వరుసలో ఉన్న మిగతావాళ్లు కూడా దిగి వచ్చి నిలబడ్డారు.

అతను చెయ్యి ఆనించి మూలకు చూశాడు. చుక్కలు లేవు.

కరిగి కారిపోయాయా, గతుకుల దారిలో ఊడి పడిపోయాయా? ఆ చోట నూనె మరక నల్లగా మెరుస్తోంది. అది మైనమో కాదో తెలియలేదు. లెక్క మొదలైంది. ఒకటి. రెండు. అతని చెయ్యి ఏ మాటా చెప్పలేదు. మూడుకు తియ్యాలా, ఏడుకు తియ్యాలా? నాలుగు. ఇళవేనిల్ హెల్మెట్ పెట్టుకుని, కిటికీలోంచి అతని మొహం కేసే చూస్తోంది. ఐదు. అతనికి పొన్నుసామి తల ఊపడం గుర్తొచ్చింది. ఆ ఊపులో ఉన్న భయం తనకు అప్పుడు కనబడలేదు, ఇప్పుడు తన మెడలో తెలుస్తోంది.

ఆరు దగ్గర చెయ్యి తీసేశాడు.

“వెళ్లనా మేస్త్రి గారూ?”

“నాకు తెలియదమ్మణీ.”

ఆమెకు వినబడలేదనుకుని దగ్గరికెళ్లి గట్టిగానే చెప్పాడు. ఇక దాచేదేముంది, వరుస అంతా వింది.

“ఈ చేతికి వేడి తెలియడం లేదు. నెలలయింది. ఆ రోజు ఇరవై దాకా ఉంచింది చల్లగా ఉండి కాదు. నువ్వు దిగి, నీ చెయ్యి పెట్టి చూడు.”

 నాచిముత్తు గుంపులోంచి ముందుకు జరిగాడు. ఇళవేనిల్ దిగింది. తొడుగు విప్పి ఒక్క క్షణం అతని అరచేతి కేసి చూసింది, మానుతున్న బొబ్బ కేసి. తర్వాత మానిఫోల్డ్ మీద తన చెయ్యి పెట్టింది.  ఈసారి లెక్క మేస్త్రే మొదలుపెట్టాడు.  నాలుగు దగ్గర నాచిముత్తు గొంతు కలిపాడు, ఏడు దగ్గర మిగతావాళ్లు. పద్నాలుగుకు ఆమె చెయ్యి తీసి విదిలించింది. వరుసలో వెనకాల ఉన్న తెల్ల కారతను, ఈసారి నిజంగానే పద్నాలుగా అని అడిగాడు. తీసి చూపించిన ఆమె అరచెయ్యి ఎర్రబడింది, అంతే.

ఆమె కారు ఎక్కి వెళ్లిపోయింది. గడియారం అర సెకను పైగా తగ్గించి చూపింది. కప్పు రాలేదు, మూడో స్థానం వచ్చింది. కానీ మేస్త్రి ఆ లెక్క వినలేదు. వరుసలోవాళ్లు తన వైపు చూడకుండా తమ కార్ల దగ్గరికి వెళ్లిపోవడం చూస్తూ నిలబడ్డాడు. షట్టరు ఎత్తుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో అతని కళ్ల ముందు కదిలింది.

కారు తిరిగొచ్చి ఆగింది. ఇళవేనిల్ హెల్మెట్ తీసి, ఎవరూ చెప్పకుండానే బానెట్ ఎత్తి, మళ్లీ చెయ్యి పెట్టింది. అప్పుడు అతనికి ఒక ప్రశ్న తోచింది. అన్ని భయాల మధ్య నుంచీ అది తోసుకుని బయటికి వచ్చింది.

“అమ్మణీ, వేడి ముందు ఏ వేలికి తెలుస్తోంది?”

ఆమె ఆగి, కళ్లు మూసుకుని చూసింది. “చిటికెన వేలికి. మిగతావి బాగానే ఉన్నాయి. అక్కడొక్కచోటే చురుక్కుమంటోంది.”

మేస్త్రి వంగి చూశాడు. ఆమె చిటికెన వేలు మూడో బోల్టు పక్కన ఉంది.

“అక్కడ ఇనప వాషరు వేశాను,” అన్నాడు మెల్లగా. “ఎవరికీ చెప్పలేదు.”

“మరి మీ చెయ్యి ఎప్పుడూ చెప్పలేదా మేస్త్రి గారూ, ఏ వేలికని?”

“నేను దాన్ని ఎప్పుడూ అడగలేదు.”

వెనక ఎవరో దగ్గారు. ఇందాకటి తెల్ల కారతను వచ్చి నిలబడి ఉన్నాడు. తన కారు బానెట్ తీసే ఉంచానని, అమ్మణి ఒకసారి వచ్చి చెయ్యి పెడుతుందా, మేస్త్రి గారు పక్కన ఉండి అడుగుతారా అని కనుక్కున్నాడు.